గుండీలు కుట్టిన ఎలాస్టిక్

2004లో నేను నాగర్‌కర్నూల్‌లో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి కొత్తగా చేరాను. విశ్వం సాగుతోందని, గెలాక్సీలు ఒకదానికొకటి దూరమవుతున్నాయని ఒక రోజు చెబుతుంటే, రెండో బెంచీలో ఒక అమ్మాయి లేచింది.

“మేడం, అన్నీ సాగుతుంటే కొలిచే టేపు గూడ సాగుతది గద. దూరం పెరిగిందని ఎట్ల తెలుస్తది?”

“తెలియదమ్మా, చదివి చెప్తాను” అన్నాను.

నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశాక తెలిసింది. గెలాక్సీలోని నక్షత్రాలను గురుత్వాకర్షణ పట్టి ఉంచుతుంది కనుక గెలాక్సీ సాగదు. టేపును దాని అణువుల బంధం పట్టి ఉంచుతుంది. సాగేది గెలాక్సీల మధ్యనున్న చోటు మాత్రమే.

ఆ సాయంత్రం రవికె కుట్టించుకోవడానికి ఆ అమ్మాయి ఇంటికే వెళ్లాను. వాళ్లమ్మ టైలర్. కూతురి ప్రశ్న ఆమెకూ తెలుసు. నా జవాబు విని, ఎలాస్టిక్ ముక్క మీద సమాన దూరంలో నాలుగు గుండీలు కుట్టి, రెండు కొసలు పట్టి లాగింది.

“గుండీ ఎంతుండెనో అంతే ఉంది మేడం. నడుమ జాగ పెరిగింది. గిట్లనేనా?”

“గిట్లనే” అన్నాను.

మర్నాడు క్లాసులో ఆ అమ్మాయే కొలిచి చూపింది. మొదటి గుండీ నుంచి పక్కది ఒక అంగుళం జరిగితే, చివరిది మూడంగుళాలు జరిగింది. గెలాక్సీ ఎంత దూరంగా ఉంటే అంత వేగంగా పోతుందని, నేను చెప్పకముందే పిల్లలే చెప్పారు. తెలియదని ఒప్పుకున్నందుకు నాకు మళ్లీ ఎన్నడూ అంత సంతోషం కలగలేదు.