అన్‌ఫిట్ కాగితం

బొగ్గు గనుల ఊళ్లలో ‘అన్‌ఫిట్’ అనే మాటకు ఒకటే అర్థం. ఆరోగ్యం పాడై ఇక గనిలో, అంటే ఇక్కడివాళ్ల మాటలో బాయిలో, దిగలేడని డాక్టర్ల బోర్డు తేలిస్తే తండ్రి ఉద్యోగం కొడుక్కి వస్తుంది. రిటైరయ్యాక అడిగితే రాదు. అందుకే రిటైర్మెంటు దగ్గరపడ్డవాళ్లకు లేని రోగాలు పుట్టుకొస్తాయని మా ఆస్పత్రిలో హాస్యమాడుకునేవాళ్లం. నేనూ నవ్వేదాన్ని.

మంచిర్యాల వైపు ఒక ఆస్పత్రిలో, మానసిక రోగాల విభాగంలో కౌన్సెలర్‌ని నేను. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎదుటివాళ్లు అబద్ధమాడుతున్నారనిపిస్తే అసలు ఆగదు.

ఆ మధ్యాహ్నం నస్పూర్ నుంచి ఒక గని కార్మికుడు భార్యతో వచ్చాడు. యాభై దాటి చాలా ఏళ్లయింది. కుర్చీ అంచున కూర్చుని చెప్పుల వంక చూస్తున్నాడు. మాటలన్నీ ఆమెవే.

“నిద్ర పోతలేడు మేడం. బువ్వ తింటలేడు. జర అన్‌ఫిట్‌కు రాసియ్యున్రి.”

కూర్చుని రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే కాగితం. నాకు చిర్రెత్తింది. కొడుకు ఏం చేస్తున్నాడని అడిగాను. డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉన్నాడంది. ఇంకేం, కథంతా తెలిసిపోయిందనుకున్నాను.

ప్రాణానికి ప్రమాదం ఉందో లేదో తేల్చడానికి ప్రతి రోగినీ అడగాల్సిన ప్రశ్నల ఫారం ఒకటుంది. బయట ఇంకా పదిమంది కూర్చున్నారు. తల వంచుకుని గడులు నింపుకుంటూ పోయాను.

“చావాలనిపిస్తుందా?”

“లేదు,” అన్నాడతను.

‘ప్రమాదం తక్కువ’ అన్నచోట టిక్కు పెట్టి సంతకం చేశాను. డాక్టరు రాసిన మందుల చీటీ అతని చేతిలో పెట్టి, అన్‌ఫిట్‌కు ఇక్కడ రాయరని కటువుగానే చెప్పాను. అతను లేచి వెళ్లిపోయాడు. ఆమె మాత్రం వెళ్లలేదు. తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది.

“నౌకరి కోసం అడుగుతలేను మేడం. అన్‌ఫిట్ అయితే బాయిల దిగకుంట బతుకుతడని అడుగుతున్న. సర్వీసుల ఉండంగ పానం పోయినా కొడుక్కు నౌకరి వస్తదట. నాలుగొద్దుల సంది గదే ముచ్చట చెప్తుండు. ఇయ్యాల రెండో షిఫ్టుకు పోత అంటుండు. నేను చెప్పిన్నని చెప్పకున్రి, మీ కాళ్లు మొక్కుత.”

షిఫ్టుకు గంట కూడా లేదు. మందుల కిటికీ దగ్గరికి పరుగెత్తాను. లైనులో అతను లేడు. గేటు బయట షేర్ ఆటోలో వెనక సీట్లో కనిపించాడు. ఇంకొక్కరు ఎక్కితే ఆటో కదులుతుంది.

“అన్నా, జర దిగు. మాట్లాడేదుంది.”

“షిఫ్టు టైమైతుంది మేడం.”

ఆటో నిండా మనుషులు. వాళ్ల ముందు సంగతి చెప్పడానికి లేదు. చెప్పకపోతే అతను దిగేలా లేడు. డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆటో కడ్డీ పట్టుకున్నాను.

“నీ ఫారంల తప్పు రాసిన అన్నా. నువ్వు రాకుంటే నా మీదికొస్తది.”

వెంటనే దిగాడు. తన కోసం దిగనివాడు నా కోసం దిగాడు.

గదిలో కూర్చున్నాక, మీ ఇంటామె నాకు అంతా చెప్పిందన్నాను. ఇంకో దారి తోచలేదు. అతను తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

“బాయి మీద తెలిస్తే ఇజ్జత్ పోతది మేడం. పిచ్చోడంటరు.”

ఎవరికీ చెప్పనని మాటివ్వలేకపోయాను. చికిత్స కోసం ఆస్పత్రిలో చేరాలని, గనిలో దింపకూడదని డాక్టరు రాశాడు. రోగం పేరు రాయలేదు. నేను గని ఆఫీసుకు ఫోన్ చేసి అంతవరకే చెప్పాను. అవతలి మనిషి నవ్వాడు.

“అన్‌ఫిట్ డ్రామా గాదు గదా మేడం?”

గంట కింద నేననుకున్న మాటే అది. ఎప్పుడూ వచ్చే కోపం రాలేదు, సిగ్గేసింది. కాదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మొగుడికి చెప్పేశానని అతని భార్య వారం రోజులు నా ముఖం చూడలేదు. వార్డులో పక్కనుంచి వెళ్తున్నా అటు తిరిగి కూర్చునేది. ఆమె కోపం న్యాయమే.

ఎనిమిదో రోజు అతను కాస్త తిన్నాడు. మంచం పక్కన కూర్చుని, మొదటిసారి అడిగినప్పుడు లేదని ఎందుకు చెప్పావన్నా అని అడిగాను.

“మీరు తల ఎత్తకుంట అడిగిన్రు మేడం. బయట మంది కూసున్నరు. లేదంటే మీకు జల్ది అయిపోతదని, లేదన్న.”