పెద్దమ్మ గుట్ట మీదికి రివర్సు గేర్లో

ఆ రోజుల్లో వయసులో ఉన్నవాడికి ఏదో ఒక పిచ్చి తప్పనిసరిగా ఉండేది. ఇప్పుడూ ఉందనుకోండి, కానీ ఇప్పటి పిచ్చి నెల తిరిగేలోగా మారిపోతోంది. మా ధర్మవరంలో నా ఈడువాళ్ళలో ఒకడికి క్రికెట్టు, ఒకడికి రాజకీయం, ఇంకొకడికి పక్కవీధి అమ్మాయి. నాకు జీపు. అదీ రోడ్డు మీద పోయే జీపు కాదు (రోడ్డు మీద పోవడానికి బస్సు చాలదా?), రోడ్డు లేనిచోట పోయే జీపు. నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పే బండి ఒకటి కొని, గుట్టలు ఎక్కించి వంకల్లో దించాలని కోరిక. మా అనంతపురం సీమకు వానలు ఇవ్వడం దేవుడు మరిచిపోయాడు గానీ రాళ్ళు ఇవ్వడంలో ఏ లోటూ చేయలేదు. ఇన్ని రాళ్ళు పెట్టుకొని జీపు లేకుండా బతకడం నాకు పెద్ద అన్యాయంగా తోచేది. అప్పటికి నా ఉద్యోగం మా నాయన పట్టుచీరల అంగట్లో చీరలు విప్పి చూపించడం, వచ్చినవాళ్ళు కొనకుండా వెళ్ళాక వాటిని మళ్ళీ మడతపెట్టడం. ఆ మడతలు పెట్టేటప్పుడే మనసు గుట్టలు పట్టుకొని తిరిగేది.

ఈ పిచ్చిలో నాకు గురువు మా మేనత్త కొడుకు. ఊరంతా అతన్ని టార్కు బావ అనేది. అప్పుడే చేతికొచ్చిన ఫోనులో ఎక్కడెక్కడివాళ్ళో బురదలో బండ్లు నడిపే వీడియోలు చూసి, ఇంజను లాగే బలాన్ని టార్కు అంటారని నేర్చుకొని, ఆ ముక్కను ఉప్పులాగా అన్నింట్లోనూ వేసేవాడు. టీలో అల్లం తక్కువైతే "టార్కు లేదప్పా" అనేవాడు. పెళ్ళికొడుకు బక్కగా ఉన్నా అదే మాట. ఇంతా చేసి ఆయన సొంతంగా నడిపిన బండి సైకిలు.

ఇద్దరం కలిసి బండి వెతకడానికి బయలుదేరాం. కొత్త బండి ధర అడిగి, షోరూంవాళ్ళు ఇచ్చిన చల్లటి నీళ్ళు తాగి, మర్యాదగా బయటికొచ్చేశాం. పాతవాటిలో ఒకదానికి ఇంజను బాగుంది గానీ కాళ్ళు పెట్టడానికి అడుగు రేకు లేదు. ఇంకొకదానికి రేకు ఉంది, దాని మీద కోళ్ళు పొదుగుతున్నాయి, పిల్లలయ్యాక రమ్మన్నారు. చివరికి కదిరిలో ఒక బ్రోకరు దగ్గర మా మనసుకు నచ్చిన జీపు దొరికింది. "ఫోర్ వీలేనా అన్నా?" అని బావ గొంతు బరువుగా పెట్టి అడిగాడు. "నేను చెప్పేదేముండాదప్పా, తోలి చూసుకోండి. నాలుగు చక్రాలూ తిరుగుతాండాయో లేదో మీరే చెప్పండి" అన్నాడు బ్రోకరు. నేను తోలాను. బావ పక్కనే పరిగెత్తుతూ, వంగి, ఒక్కొక్క చక్రాన్నీ పరీక్షగా చూశాడు. నాలుగూ తిరుగుతున్నాయి. నిశ్చింతగా కొనేశాం. (వెనక చక్రాలు నెడుతుంటే ముందు చక్రాలు తిరగక ఏం చేస్తాయని ఆ రోజు మాకు తోచలేదు.)

తోచింది చిత్రావతి ఏటి ఇసుకలో. వెనక చక్రాలు రెండూ ఇసుకను తవ్వుకుంటూ లోపలికి పోతుంటే, ముందు చక్రాలు పెళ్ళికొచ్చిన చుట్టాల్లాగా చూస్తూ కూర్చున్నాయి. బావ కిందికి దూరి, చాలాసేపటికి బయటికొచ్చి, "బామ్మర్దీ, ముందరికి బలం పోయే కడ్డీనే లేదు" అన్నాడు. విచారిస్తే తెలిసిందేమంటే, మా బండి పాత యజమాని కొత్తచెరువు పక్క పల్లెలో ఒక రైతు. సంతకు జనాన్ని తోలేవాడు. ముందు చక్రాలు ఊరికే డీజిలు తాగుతాయని ఆ కడ్డీ పీకేశాడు. మా వైపు ఇది మామూలే. ఎవరూ దాన్ని పారేయరు కూడా, ఇనుము కదా.

మేం పోయేసరికి ఆ పెద్దాయన వాకిట్లో బీడీ తాగుతున్నాడు. కడ్డీ సంగతి అడిగాం.

"యాడికి పోతాది, ఉండాది. అద్దో, ఆ ఎద్దును కట్టేసినాం చూడు, ఆ గుంజే."

"అది మా బండిది పెద్దాయనా. మాకు గావాల్ల" అన్నాడు బావ.

"తీసుకపో. నాకేమి? ఎద్దు ఒప్పుకోవాల్ల గదా."

ఆ ఎద్దు అంతకు ముందు పాతిన కట్టె గుంజలన్నీ పీకేసిందట. దానికి లొంగనిది ఈ ఒక్క కడ్డీనే. దీనికి బదులు గట్టి గుంజ తెస్తే ఇస్తానన్నాడు. మేం పాత సామాన్ల అంగడి నుంచి లావుపాటి బోరు పైపు తెచ్చి పాతాం. ఎద్దు దాన్ని మెడతో ఒకసారి అటూ ఇటూ ఊపి, పెరికి, పైపుతో సహా పక్కింటి దడిలోకి వెళ్ళిపోయింది. "టార్కు ఉండాదప్పా దీనికి" అని బావ మెచ్చుకున్నాడు. చివరికి ఒక రాతి స్తంభం సంపాదించి, మిట్టమధ్యాహ్నం మేమిద్దరమే గుంత తవ్వి నిలబెట్టాం. ఎద్దు దాన్ని వాసన చూసి, ఒళ్ళు గోక్కొని, సరేనంది. కడ్డీ మా చేతికొచ్చింది.

ఇక మా పనితనం మొదలైంది. ట్రాక్టరు ట్రాలీకి వాడి పారేసిన పెద్ద టైర్లు తెచ్చి వేశాం. అవి పట్టకపోతే మడ్గార్డులు కోశాం. మిగిలిన బోరు పైపును ఊరికే పారేయడమెందుకని ఇంజను పక్కనుంచి టాపు పైదాకా నిలబెట్టాం. బండి నీళ్ళలో మునిగినా ఇంజనుకు గాలి అందాలంటే అలాంటి గొట్టం ఉండాలని బావ వీడియోలో చూశాడు. మా నాయన ఆ గొట్టాన్ని కిందినుంచి పైకి చూసి, "ఏంటికిరా ఇది?" అన్నాడు. చెప్పాను.

"యాడుండాయి నీళ్ళు?"

"చిత్రావతికి వస్తే నాయనా..."

"చిత్రావతికి అన్ని నీళ్ళొస్తే నీకు పడవే కొనిస్తాలే, పో."

బండిని అంగడి ముందర నిలిపేవాణ్ణి. కొత్త కష్టం అక్కడ వచ్చింది. పెళ్ళిచీరలు కొనడానికి వచ్చినవాళ్ళు ఆ గొట్టం చూసి తప్పుకొని పోవడం, బోరు వేయించాలనుకునేవాళ్ళు లోపలికి రావడం మొదలైంది. ఒక రైతు మా నాయన ఎదురుగా పరుపు మీద కూర్చొని, జరీ చీరల మధ్యన, "మా తావ శానా లోతు పోవాల్ల అన్నా, మీ బండి అంత లోతు దిగుతాదా?" అని అడిగాడు. ఆయన వెళ్ళగానే నాయన నన్ను పిలిచాడు. కోపమొస్తే ఆయన గొంతు తగ్గుతుంది. "రాప్తాడు నుంచి పాతసామాన్లాయన్ని పిలిపిస్తాండా. కాటా మీద పెట్టి అమ్మేస్తా" అన్నాడు. నిజంగానే, చెబితే నవ్వుతారు గానీ, అన్నం సహించలేదు.

అప్పుడు అడ్డం పడింది మా అవ్వ. నాయనను కన్నతల్లి కాబట్టి ఇంట్లో ఆయనకు పైకోర్టు ఆమె ఒక్కతే. ఆమె పుట్టినూరి పక్కన పెద్దమ్మ గుట్ట ఉంది, పైన చిన్న గుడి. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి అవ్వ ఆ గుట్ట ఎక్కలేదు. మెట్లు లేవు, ఉన్నది రాళ్ళ దారి, ట్రాక్టరు కూడా సగంలో తిరిగొస్తుంది. డోలీ కడతామంటే "నేనేమన్నా పీనుగనా?" అని కోప్పడేది. ఏడాదికొకసారి కిందనే నిలబడి పైకి చూసి, దండం పెట్టి, ఇంటికొచ్చాక రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆమె అంది: "అమ్మేముందర నన్నొకతూరి ఆ బండ్లో పెద్దమ్మ కాడికి తీసుకపోనీరా." నాయన నావైపు తిరిగాడు. "గుట్ట పైకి ఎక్కించి, మా అమ్మను దేవళం ముందర దించితే బండి ఉంచుకో. సగంలో నిలబడిందంటే కాటాకే."

ఇక్కడ అవ్వ పట్టింపు ఒకటి చెప్పాలి. మా వైపు దేవళం నుంచి బయటికొచ్చేటప్పుడు అమ్మవారికి వీపు చూపించరు, గడప దాకా వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వస్తారు. అందరికీ గడప దాకానే. అవ్వకు మాత్రం గుట్ట కింది దాకా. కాళ్ళు బాగున్న రోజుల్లో ఆమె గుట్టంతా పక్కవాటుగా, ఎండ్రకాయ నడిచినట్టు దిగేదట. పెద్దమ్మ పైనుంచి అంతా చూస్తుంటుందని ఆమె నమ్మకం.

ఆ ఉదయం అవ్వ అంచు పెద్ద పట్టుచీర కట్టుకొని ముందు సీట్లో కూర్చుంది. బెల్టు లేదు కాబట్టి తాత పాత పంచెతో ఆమెను సీటుకు కట్టాం. నాయన తన కారులో వచ్చి, పైకి రాకుండా గుట్ట కింద టీకొట్టు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. బావ చేతిలో ఒక రాయి పట్టుకొని బండి పక్కన నడుస్తున్నాడు, బండి వెనక్కి జారితే చక్రం కింద పెట్టడానికి. మొదట బాగానే ఎక్కింది. ముందు చక్రాలు కూడా ఈసారి పనిచేశాయి, ఎద్దు దయవల్ల. సగం దాటాక దారి నిట్టనిలువుగా లేచింది. ఇంజను రెండు మార్లు మూలిగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేశాను, మళ్ళీ ఆగింది. అంత పెద్ద టైర్లు తిప్పడానికి ఆ ముసలి ఇంజనుకు బలం చాలడం లేదు. బరువు లాగడానికని బండిలో ఇంకో చిన్న లివరు ఉంటుంది గానీ, మాది తుప్పుపట్టి కదలదు, మేం దానికి నల్లరంగు వేసి ఊరుకున్నాం. బావను చూశాను. "టార్కు..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు.

చేసేదేం లేక, అక్కడ కాస్త వెడల్పుగా ఉంటే, దిగిపోదామని నానా తంటాలు పడి బండిని కిందికి తిప్పాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. దూరంగా టీకొట్టు ముందు నాయన తెల్లచొక్కా కనిపిస్తోంది. అప్పుడు అవ్వ నా భుజం మీద ఒకటి వేసింది.

"ఏమిరా, పెద్దమ్మకు నా వీపు తిప్పినావు?"

"పోలేకుండా ఉంది అవ్వా. దిగిపోదాం."

"నన్ను తిప్పు ముందర. తర్వాత ఏడుద్దువుగానీ."

పంచె విప్పి, ఆమెను దించి, వెనక బల్ల మీద, తెరిచి ఉన్న వెనక తలుపు వైపు మొహం పెట్టి కూర్చోబెట్టి, మళ్ళీ కట్టాం. ఇప్పుడు ఆమెకు గుట్ట శిఖరం ఎదురుగా ఉంది. సంతోషించింది. బండి ముందర ఒక పెద్ద రాయి అడ్డంగా ఉంటే, తప్పించడానికి రివర్సు గేరు వేసి కొంచెం వెనక్కి తీశాను. బండి వెనక్కి వచ్చింది. వెనక్కి అంటే పైకి. మూలగలేదు, ఆగలేదు. ఇంకొంచెం వచ్చింది.

"ఎక్కుతాండాదిరా. నిలపద్దు" అంది అవ్వ.

"ఇది రివర్సు అవ్వా."

"నీకు రివర్సు. నాకు నేరుగానే పోతాండాది."

అలా ఎక్కాం. నేను మెడను పూర్తిగా వెనక్కి తిప్పి తోలుతుంటే అవ్వ దారి చెప్పింది. ఆమె కుడి నాకు ఎడమ అవుతుండటంతో ఒకసారి రేగిపొదలోకి పోయాం. ఆ తర్వాత ఆమె కుడి ఎడమలు మానేసి, "తెల్లరాయి పక్కకు తిప్పు, ఇప్పుడు ఆ మేక పక్కకు" అని చెప్పసాగింది. మేక కదిలితే మేమూ కదిలాం. పక్కన రొప్పుతూ వస్తున్న బావ, ఈ జాతి జీపులకు ఒకటో గేరు కన్నా రివర్సుకే బలమెక్కువని తనకు ముందే తెలుసునని, నేను అడగలేదు కాబట్టి చెప్పలేదని అన్నాడు. జవాబివ్వడానికి నాకు మెడ ఖాళీ లేదు.

గుడి ముందర బండి ఆగింది. అవ్వ దిగనైనా దిగకుండా, కట్టిన పంచెతోనే, చేతులు రెండూ జోడించింది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. కొబ్బరికాయ కొట్టి, చాలాసేపు కూర్చొని, తిరుగు ప్రయాణంలో మళ్ళీ ఆ వెనక బల్ల మీదే కూర్చుంది. నేను ముందు గేర్లో మామూలుగా దించాను. ఆమె కిందికి వచ్చేదాకా గుడిని చూస్తూనే ఉంది.

టీకొట్టు దగ్గర నాయన లేచి నిలబడ్డాడు. అవ్వ ఆయనతో అంది: "పోయేటప్పుడు ఎదురుగానే పోయినా, వచ్చేటప్పుడూ ఎదురుగానే వచ్చినా. నీ కొడుకు తిప్పిన ఆ ఒక్క గడియ తప్ప పెద్దమ్మకు వీపు చూపించల్యా. నీ కారుకు ఆ మర్యాద తెలుసునా?" నాయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, రేగిముళ్ళు గుచ్చుకున్న టాపును చూసి, "ఆ గొట్టం మాత్రం తీసెయ్" అన్నాడు. ఆ తర్వాత అవ్వ ఉన్నన్నాళ్ళూ, ఏటా ఒకసారి అదే పద్ధతిలో ఎక్కాం, అదే పద్ధతిలో దిగాం. చూడటానికి గుట్ట కింద జనం కూడేవాళ్ళు.

ఇప్పుడు అవ్వ లేదు. జీపు కూడా ఇంజను చేతులెత్తేసి వెళ్ళిపోయింది. గుట్ట మీదికి సిమెంటు రోడ్డు పడింది, ఎవరి స్కూటరైనా ఎక్కుతుంది. నాకూ ఒక మంచి కారు వచ్చింది, దానితో పాటు మెడనొప్పీ వచ్చింది. నిరుడు పెద్దమ్మ కాడికి పోయినప్పుడు, ఆఖరి మలుపు దగ్గర ఎవరూ లేనిది చూసి, కారు తిప్పి రివర్సులో పెట్టాను. నా భార్య, "నీకేమన్నా మతి ఉండాదా?" అంది. మెడ తిరగలేదు, పర్వాలేదు, కారులో వెనక చూపించే కెమెరా ఉంది. తెర మీద చిన్నగా గుడి తలుపు కనిపించింది, లోపల దీపం, పెద్దమ్మ పసుపు మొహం. జీపు తోలిన అప్పటి ఆ కుర్రవాడు, నేనే, అన్ని సార్లు గుట్ట ఎక్కించి, ప్రతిసారీ పెద్దమ్మకు తన వీపే చూపించాడు పాపం, అవ్వకు గుడి ఎదురుగా ఉంటే చాలని. స్టీరింగు వదిలేసి తెరకు దండం పెట్టాను. బాగా దగ్గరికొచ్చేశావని కారు కుయ్యి కుయ్యిమని అరుస్తూనే ఉంది.