ఆయన వంతు మందు

కోడేరు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లకు సుఖరోగాల గురించి చెప్పే పని నాది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. ఆ జబ్బులకు సుఖమన్న పేరు ఎవరు పెట్టారో గానీ, పలికినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అంగన్‌వాడీలో కూర్చోబెట్టి బొమ్మలు చూపిస్తే మొహానికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. అందుకే విత్తనానికి పల్లికాయ వలిచే ఇంటికి పోయేదాన్ని. చేతికి పనుంటే తల వంచుకునే వినొచ్చు, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. నేనూ వలుస్తూనే చెప్పేదాన్ని.

ఒకరోజు అందరూ లేచిపోయాక ఒక కోడలు ఆగింది. పెళ్లయి రెండేళ్లు. మొగుడు పుణేలో కూలి, పండగలకు వచ్చిపోతాడు.

"తెల్లబట్ట అయితుందక్కా. పొత్తికడుపు గుంజుతుంది. మా అత్త వేడి అంటది."

నాగర్‌కర్నూల్ తీసుకుపోయాను. డాక్టరమ్మ రెండు పొట్లాలిచ్చింది, ఒకటి ఆమెకు, ఒకటి మొగుడికి. ఇద్దరూ మింగితేనే పోతుందని పదిసార్లు చెప్పాను. పదిసార్లూ తల ఊపింది.

పీర్ల పండక్కి అతను వచ్చి వెళ్లాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే నొప్పి, మళ్లీ రెండు పొట్లాలు. అతను వచ్చి వెళ్లినప్పుడల్లా ఇదే తంతు. మూడోసారి కసిరాను, ఆయనకు ఇస్తున్నావా లేదా అని.

ఆమె చీర మీది పొట్టు దులుపుకుంది. "ఎట్లియ్యాలక్కా? నీకు రోగమున్నదని నేనంటే, నీకే ఎవనితోనో వచ్చిందంటడు. ఇద్దరు మింగాలంటివి గద. ఆయన వంతు గూడ నేనే మింగిన."

కోపం రాలేదు, భయమేసింది. మందు గురించి అంత చెప్పాను, మొగుడితో ఎట్లా మాట్లాడాలో చెప్పలేదు. నాకే తెలియదు. నా మొగుడితో నేనేనాడు మాట్లాడాను గనక? అతనికి నేను చెబుతానంటే, "రాకక్కా, నన్ను అవ్వగారింటికి తోలుతడు" అంది. వెళ్లలేదు. ఆమె మాట మన్నించానని చెప్పుకునేదాన్ని గానీ, అది పిరికితనమే.

రోగం లోపలికి పాకింది. ఇక పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పిన రోజు, బస్సులో ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. అంతకన్నా ఏమీ చేతకాలేదు. ఆ ఏడే వాళ్లత్త తన కొడుక్కి మళ్లీ పెళ్లి చేసింది.

మళ్లీ పల్లికాయ వలిచే రోజులొచ్చాయి. అదే ఇల్లు. మొదటి కోడలి పక్కన కాళ్ల పసుపింకా పోని కొత్త కోడలు కూర్చుని ఉంది. ఆమె తన చేట ఆ పిల్ల ముందుకు కొంచెం జరిపింది.

"దీనికి గూడ చెప్పక్కా. ఆయన గిప్పటికీ మింగలె."

బొమ్మల పుస్తకం తెరిచాను. ఇద్దరూ మింగాలనే పేజీ దాకా వచ్చాను. ఇద్దరంటే ఎవరెవరని చెప్పను? వాళ్లిద్దరూ తలలు వంచుకుని వలుస్తున్నారు. మింగాల్సినవాడు పుణేలో ఉన్నాడు.