బావికి పట్టిన గండం

ఆ రోజుల్లో తిరుపతిలో ఎమ్మే పాసైన వాళ్లకు ఉద్యోగాలు కరువేమో గానీ, తమ మీద తమకు నమ్మకానికి మాత్రం కొదవ ఉండేది కాదు. నా పాలికైతే అది కొంచెం ఎక్కువే వచ్చింది. డెబ్బైల చివర్లో మా విశ్వవిద్యాలయంలో రెండు శాఖలు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్లలో నేలకూ నీళ్లకూ మనుషులకూ ముందుముందు ఏం రాబోతుందో అంచనా వేయడం దాని పని. భూగర్భశాస్త్రం నుంచి ఒక ప్రొఫెసరు (ఆయన్ని చాటుగా రాళ్ల సారు అనేవాళ్లం), సమాజశాస్త్రం నుంచి ఇంకొకరు (ఆయన జనాల సారు), వాళ్లిద్దరి ప్రశ్నలనూ ఊళ్లో వాళ్లకు అర్థమయ్యే తెలుగులో పెట్టడానికి నేను. అది తాత్కాలిక ఉద్యోగమే. అయినా మా నాయన అలిపిరి దాకా నడిచిపోయి, దారిలో కనబడిన వాళ్లందరికీ "మా పాప రీసెర్చి చేస్తా ఉండాది" అని చెప్పొచ్చాడు.

జీపు కదలకముందే మొదటి తగాదా వచ్చింది. 'రిస్క్' అనే మాటను తెలుగులో ఏమనాలి? 'ప్రమాదం' అన్నారు రాళ్ల సారు. అది బస్సులకు జరిగేదండీ, 'ముప్పు' అందాం, అన్నారు జనాల సారు. ముప్పంటే జనం తలుపులేసుకుంటారని ఈయన, ప్రమాదమంటే పోలీసులనుకుంటారని ఆయన. క్యాంటీన్లో ఉప్మా చల్లారి గట్టిపడేదాకా వాదించుకుని చివరికి నా వైపు తిరిగారు. మా అవ్వ మాటకు ముందు వాడే మాట చెప్పాను. గండం! ఇద్దరూ ఒక్కసారే "భేష్" అన్నారు. వాళ్లిద్దరికీ మాట కలవడం అదే మొదలు. ఆ రోజంతా నేను నేల మీద నడిచిన గుర్తు లేదు.

బంగారుపాళ్యం దాటాక ఒక పల్లెలో తోతాపురి మామిడి తోట ఉన్న రైతు ఇంటికి వెళ్లాం. ఫ్యాక్టరీలో కాయలు కడిగిన నీళ్లు వాళ్ల పెరటి బావి పక్కనే మడుగు కట్టేవి. రాళ్ల సారుకు తెల్లటి గడ్డం, భుజాన గుడ్డసంచీ. సంచీలోంచి ఇత్తడి డబ్బాలాంటి దిక్సూచి తీసి నాలుగు దిక్కులూ చూశారు. చేదతో నీళ్లు తోడి వాసన చూశారు, కళ్లు మూసుకున్నారు. తర్వాత, క్లాసులో వెనక బెంచీకి కూడా వినబడే ఆ గొంతుతో, "ఈ ఇంటికి నీటి గండం ఉంది. రాసుకో అమ్మాయ్" అన్నారు. నేను గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను.

అప్పటిదాకా గలగలమంటున్న వసారా చప్పున ఆగిపోయింది. మాకేం తెలుసు, ఆ పూటే ఆ రైతు కొడుక్కి ముహూర్తం పెట్టుకోవడానికి చిత్తూరు నుంచి ఆడపిల్ల వాళ్లు వచ్చి కూర్చున్నారని! పిల్ల మేనమామ నోటి దాకా ఎత్తిన నీళ్లగ్లాసు దించేశాడు.

"ఎవురికి సామీ గండం?"

పల్లెలో శాస్త్రం మీద ఇంత ఆసక్తి ఉన్నందుకు రాళ్ల సారు మురిసిపోయారు. "ఇంట్లో అందరికీ. ముఖ్యంగా కొత్తగా వచ్చేవాళ్లకు. పాతవాళ్లకు అలవాటైపోయి ఉంటుంది."

వాళ్లు తాంబూలం కూడా ముట్టకుండా లేచిపోయారు. పెళ్లికొడుకు తల్లి వంటింటి గడపలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఏం సారూ, మీకు మేమేం అన్యాయం చేసినాం? జాతకాలు కలిసినాయి, మనసులు కలిసినాయి. ఈ పొద్దే వచ్చి మా పిల్లోని నోట్లో మన్ను కొడితిరే!" అన్నాడు రైతు. ఆ పిల్లవాడు మాత్రం గుంజకు ఆనుకుని నిలబడి మా వైపే చూశాడు. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చేసింది.

జీపులో వెంటబడి బస్టాపు దగ్గర ఆడపిల్ల వాళ్లను పట్టుకున్నాం. "నేను జోస్యుణ్ణి కానండీ. గండం బావికి, అబ్బాయికి కాదు" అన్నారు రాళ్ల సారు.

"బావికి జాతకం యాడుంటుంది సామీ? అది ఏ నక్షత్రాన పుట్టిందంట?" అన్నాడు మేనమామ. "సరే, గండం చెప్పిన నోటితోనే పరిహారం కూడా చెప్పండి."

పరిహారం అనగానే రాళ్ల సారు ముఖం వెలిగింది (ఆయన జాబితాలో అదీ ఒక ప్రశ్నే). "అది ఫ్యాక్టరీ వాళ్లు ఇవ్వాలి."

"మా పిల్ల గండానికి ఫ్యాక్టరోళ్లు శాంతి చేయిస్తారా? ఎవురికి చెప్తారప్పా కతలు!"

అప్పుడు జనాల సారు ఆయన మోచెయ్యి పట్టుకుని, "మీకు తెలిసిన వైద్యమే చెప్పండి, ఆయనకు కావాల్సింది ఆయన వింటాడు" అని గొణిగారు. రాళ్ల సారు గొంతు సవరించుకున్నారు. బావి నీళ్లన్నీ తోడెయ్యాలి, పూడిక తియ్యాలి, సున్నం వెయ్యాలి. మడుగు నీళ్లు బావి వైపు రాకుండా కాలవ తియ్యాలి. నీళ్లు బాగయ్యేదాకా చుక్క తాగకూడదు.

"కాలవ యా దిక్కుకు సామీ?"

"తూర్పుకు. వాలు అటే ఉంది."

వాలు సంగతి మేనమామ చెవికెక్కలేదు. తూర్పు ఎక్కింది. "తూర్పంటే మంచిదే" అంటుంటే ముఖం కాస్త విప్పారింది. "అయితే ఒక మాట. పెళ్లినాడు ఆ బావి నీళ్లు ముందు మీరు తాగాల. తాగినాకనే మా పిల్ల పీటల మీద కూర్చుంటాది."

ఆ ఇంటివాళ్లు కాలవ తవ్వారు. రాళ్ల సారు వచ్చినప్పుడల్లా సీసాల్లో నీళ్లు పట్టుకుపోయి పరీక్ష చేస్తూనే ఉన్నారు. వానలు పడ్డాక, ఇక బాగున్నాయని తానే చెప్పారు. అయినా పెళ్లినాడు మేనమామ చెంబు తెచ్చి ముందు పెట్టేసరికి, పందిట్లో అందరూ చూస్తుండగా, ఆయన దాని వైపు చాలాసేపు చూశారు. పెళ్లికొడుకు ఆయన్నే చూస్తున్నాడు. అంతవరకూ మేం ఇతరుల నీళ్ల గురించి రాసినవాళ్లమే గానీ తాగినవాళ్లం కాదు. ఆయన చెంబెత్తి గటగటా తాగేశారు. జనాల సారు కళ్లు మూసుకుని తాగారు. మేళం మోగింది. చెంబు నా చేతికొచ్చింది. నేను చిన్నగా, "గోలీసోడా ఏమన్నా దొరుకుతుందా?" అన్నాను.

పీటల వైపు నడుస్తున్న పెళ్లికూతురు ఆగింది. "ఇట్లియ్యక్కా. రేపట్నుంచి దినామూ నేను తాగాల్సింది ఇవే కదా" అని చెంబు అందుకుని తాగి, పట్టుచీర కొంగుతో మూతి తుడుచుకుని, నవ్వుకుంటూ పీటల మీదికి వెళ్లిపోయింది.

తర్వాత ఎన్నో సభల్లో కూర్చున్నాను. ఎవరికి ఎక్కడ ఎంత ముప్పో గీతలు గీసి చూపించాను, చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ సభల్లో ముందర పెట్టిన నీళ్లసీసా మూత తిప్పుతున్నప్పుడు ఒక్కోసారి నవ్వొస్తుంది. ఆ పందిట్లో అన్ని పరీక్షల ఫలితాలూ తెలిసిన అమ్మాయిని నేనే, చేతిలో చెంబు పెట్టుకుని సోడా అడిగిందాన్నీ నేనే. పాపం, అప్పటికి నేను చాలా చిన్నపిల్లని. ఆ పెళ్లికూతురు నాకంటే ఇంకా చిన్నది.