పెద్ద డ్రమ్ము మీద తొమ్మిది పేర్లు

మా బ్యాండు ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు సింధనూరు రైసు మిల్లులో, వీపు మీద బస్తా ఉండగా అందింది. మేళంలో సైడు డ్రమ్ము కొట్టే ఆయన బావమరిది సైకిలు మీద వచ్చి, పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ అలాగే ఒరిగిపోయాడని చెప్పాడు. మేస్త్రీ ఎవరు పోయారని అడిగాడు. చెబితే, "బ్యాండాయనా?" అని బీడీ ముట్టించుకున్నాడు. వాడి కొడుకు పెళ్ళి ఊరేగింపు కదిలింది కూడా ఆయన ట్రంపెట్ మీదే. పేరు మాత్రం తెలియదు.

ఆయన రాయచూరు మనిషి. కాలువ పారి, ఇక్కడికి వలస వచ్చిన కోస్తా రైతుల పెళ్ళిళ్ళు పెరిగాక మేళంతో సహా ఇటు వచ్చాడు. నాకు వాయించడం రాదు. మిల్లులో పని లేనప్పుడు వాళ్ళ రేకుల షెడ్డు గుమ్మంలో కూర్చునేవాణ్ణి. ఆ మేళంలో ఇద్దరు ఒకేసారి ఊపిరి తీయకూడదు. "ఒకని దమ్ము అయిపోయే కాడ ఇంకొకడు అందుకోవాలె. నడుమల సందు రాకుండ జూసుడే మన పని" అనేవాడు. రేడియోలో ఏది విన్నా, ముందు ఊపిరి ఎక్కడ తీస్తున్నారో పట్టుకునేవాడు.

మైకుసెట్టు అంగడాయన తమ్ముడు బెంగుళూరు నుంచి ఒక పెద్ద రికార్డు తెచ్చాడు. పరదేశపు కుర్రాళ్ళ బృందమట, వాళ్ళ మొట్టమొదటి రికార్డట. పత్తి చేలల్లో వెట్టి చేసిన నల్లవాళ్ళ పాటల్లోంచి పుట్టిన సంగీతమని ఆ తమ్ముడు చెప్పాడు. మైకుసెట్లు మేళాల కడుపు కొడుతున్నాయని నాకు మంట. ఉస్తాద్ మాత్రం ఆ అంగడికే వెళ్ళి కూర్చున్నాడు. గిటారు ఏడుస్తున్నట్టు మొదలైంది. ఉన్నట్టుండి దాని వెనకనుంచి బూరలు గుంపుగా లేచాయి. ఆయన చేతిలో చాయ్ సాసరు గాలిలోనే ఆగిపోయింది.

"ఏంటి ఉస్తాద్ గారూ, మన పెళ్ళిళ్ళలో వాయిస్తారా ఏంటి దీన్ని?" అని అంగడాయన నవ్వాడు.

ఉస్తాద్ కళ్ళు మూసుకుని, సూది నాలుగుసార్లు వెనక్కి పెట్టించి, వేళ్ళు మడిచాడు. రెండు ట్రంపెట్లు, రెండు శాక్సఫోన్లు. "నలుగురున్నరు. ఒకడు ముసలోడు, జల్ది జల్ది దమ్ము తీస్తుండు. పక్కనోడు వాన్ని కాస్తుండు."

రికార్డు అట్ట మీద జుట్టు పెంచిన కుర్రాళ్ళు ఐదుగురే ఉన్నారు. ఎవరి చేతిలోనూ బూర లేదు. అట్ట నా చేతికిచ్చి, ఊదినోళ్ళ పేర్లు చదవమన్నాడు.

బస్తాల మీద ముద్రలు, లారీల మీద రాతలు చూసి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. పెద్దక్షరాలే వచ్చు. వెనక అట్ట నిండా చీమల బారులాంటి చిన్నక్షరాలు. అందరి ముందూ కూడబలుక్కోవడం నామోషీ అనిపించి, కిందిదాకా చూసినట్టు నటించి, లేవన్నాను. ఊదేవాడి పేరు ఏ దేశంలోనూ రాయరని కోపంగా ఉపన్యాసం కూడా దంచాను.

ఆయనకు కోపం రాలేదు. ఆ నలుగురూ ఊరేగింపుల్లో నడుస్తారా, ఎండకు పెదవి పగిలితే మనలాగే వెన్న రాస్తారా అని దారి పొడవునా అడుగుతూనే ఉన్నాడు. నాకేం తెలుసు?

వారం తర్వాత షెడ్డుకు పిలిపించాడు. పెద్ద డ్రమ్ము మీద మేళం పేరు గీకేసి ఉంది. ఎర్ర పెయింటు డబ్బా నా ముందు పెట్టాడు. "వాళ్ళయి లేకపాయె. మనయన్న రాయి" అన్నాడు.

తొమ్మండుగురి పేర్లూ తెలుగులో రాశాను. ఆయనది మొదట పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపి, చిట్టచివర, కింద అంచున రాయించాడు. కర్ర దెబ్బలన్నీ నడుమ ఉన్న మాకేనా బావా అని సైడు డ్రమ్ము బావమరిది ఎగతాళి చేశాడు. "చెరిగితే మల్ల రాస్తడు. వాని చేతులేమన్న పడిపోయినయా?" అన్నాడాయన నన్ను చూపిస్తూ.

ఆ తర్వాత పెళ్ళిళ్ళలో బడి పిల్లలు డ్రమ్ము ముందు చేరి పేర్లు చదివేవాళ్ళు. మేళగాళ్ళను చివరి పంక్తిలో కూర్చోబెట్టే చోట కూడా ఒకరిద్దరు పేరు పెట్టి పిలిచి వడ్డించారు.

ఆయనను మట్టి చేసిన మూడో రోజు అంగడికి వెళ్ళి ఆ అట్ట అడిగాను. ఇప్పుడు చిన్నక్షరాలూ వచ్చు. గుమ్మంలో వెలుతురుకు కూర్చుని, వేలు పెట్టి చదివాను. కింద మూలన పేర్లున్నాయి. రెండు ట్రంపెట్లు, రెండు శాక్సఫోన్లు. నలుగురే. ముసలివాడెవరో మాత్రం రాయలేదు.

ఆయన నన్ను చదవమంది ఆ నాలుగు పేర్లే. నా అబద్ధం వల్లే మా డ్రమ్ము మీద పేర్లు వచ్చాయని సర్ది చెప్పుకోవచ్చు. చెప్పుకోను.

షెడ్డుకు పోయి ఆ నాలుగు పేర్లూ మేళం వాళ్ళకు గట్టిగా చదివి వినిపించాను. "ముసలోడు ఉన్నడో పోయిండో" అన్నాడు బావమరిది.

ఉస్తాద్ పేరు నేనిక్కడ రాయను. సింధనూరు వస్తే ఆ షెడ్డులో పెద్ద డ్రమ్ము చూడండి. నడిమి పేర్లు కర్ర దెబ్బలకు పొరలు లేచి, సగం సగం మిగిలాయి. కింద అంచున, దెబ్బ తగలని చోట, ఒక్క పేరు నిన్న రాసినంత ఎర్రగా ఉంది.