సొరకాయ పాట

ఆ ఏటి కోతపండుగలో పోయినవాటి లెక్క ఇది. ఎర్రగడ్డ రైతుబజారులో ఆరువందల నలభై రూపాయలు పోసి కొన్న కూరగాయలు. సర్కారు ఆసుపత్రిలో ఉచిత ఆపరేషనుకు దొరికిన ఒక తేదీ. ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసే ముసలమ్మ కుడికన్ను. సంఘం వార్షిక నివేదికలో మొదటిది మాత్రమే రాశారు.

అమీర్‌పేట సందులో, రెండో అంతస్తులో, ఆరు రోజులు కంప్యూటర్ కోర్సులు చెప్పే హాలే ఆదివారం మా చర్చి. బోర్డు మీద శనివారంనాటి జావా పాఠం చెరపకుండానే ఆరాధన మొదలయ్యేది. నేను చదివింది పదో తరగతి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. క్యాలిక్యులేటర్ కంటే ముందే కూడిక చెబుతానని కానుకల లెక్క నాకు అప్పగించారు.

కోతపండుగ అంటే పంటలో మొదటి భాగం దేవుడికి తెచ్చి, దాన్ని వేలం వేసి, వచ్చిన డబ్బు అక్కరలో ఉన్నవాళ్ళకివ్వడం. మావాళ్ళలో ఒక్కరికీ సెంటు పొలం లేదు కాబట్టి బజారులో కొన్న సొరకాయలే పంట. ఆ ఏటి డబ్బు ముసలమ్మ కంటికని పాస్టరుగారు ప్రకటించారు. శుక్లం బాగా ముదిరింది, నెలలోపు తీయించకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పాడు. ఆమె అప్పటికే సర్కారు ఆసుపత్రిలో పేరు రాయించుకుంది. పది రోజుల్లో రమ్మన్నారు. మా పెద్దలకది నామోషీ అయింది. ఇంతమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్న సంఘం మనిషి ధర్మాసుపత్రి వరసలో నిలబడటమా, సోమాజిగూడలో పెద్ద ఆసుపత్రిలోనే చేయిద్దామన్నారు. పదిహేను వేలవుతుంది. ఆమె వాళ్ళ మాట నమ్మి ఆ తేదీ వదులుకుంది.

వేలంలో ధర పలకడాన్ని కూడా పాడటమనే అంటాం. మావాళ్ళు రెండు పాటలూ ఒకటే అనుకున్నారు, గొంతుంటే చాలు. ఇస్తే నూరంతలుగా తిరిగొస్తుందని పాస్టరుగారు మైకులో ఊరించేకొద్దీ ధర పెరిగింది. కింద కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ గోల విని పైకొచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అన్నా, గీ సొరకాయ ఎర్రగడ్డల ఆరు రూపాయలు. ఐదువేలంటుండు. లోపట బంగారం గిట్ల పెట్టిన్రా?"

ఇది ధర కాదు, దానం అన్నాను, కాస్త గర్వంగానే.

మొత్తం పాట నలభై ఒక్క వేల మూడొందలు. అందరూ చప్పట్లు కొట్టారు. చేతికొచ్చిన నగదు రెండువేల నూటయాభై.

మర్నాటి నుంచి జాబితా పట్టుకుని తిరిగాను. సొరకాయను పాడుకున్నాయనది పంజాగుట్టలో కొత్త ఆఫీసు, కింద కొత్త కారు. గంట కూర్చోబెట్టి వచ్చాడు.

"అంకుల్, అది విశ్వాసంతో పాడానండి. దేవుడు ఇవ్వగానే ఇచ్చేస్తాను."

"సొరకాయ మటుకు ఆ ఆదివారమే వండుకున్నారటగా" అన్నాను.

నవ్వేసి టీ తెప్పించాడు. మిగతావాళ్ళు టీ కూడా ఇవ్వలేదు. ఒకాయనైతే నెలనెలా చర్చికిచ్చే దశమభాగం మొత్తం జీతం మీద కట్టాలా, పీఎఫ్ పోగా చేతికొచ్చేదాని మీదా అని నన్ను అరగంట నిలబెట్టి అడిగి, అది తేలాక ఇస్తానన్నాడు. ఇంకా తేలినట్టు లేదు.

నెల తిరిగేసరికి, పండుగనాటి నగదుతో కలిపి, వసూలైంది ఆరువేల తొమ్మిదొందలు. మళ్ళీ సర్కారు ఆసుపత్రికి వెళితే రెండు నెలల తర్వాత రమ్మన్నారు. అప్పటికి ఆ కంటికి వెలుతురు కూడా తెలియడం లేదు.

ఎవరెంత ఎగ్గొట్టారో ఆమెకు తెలియాలని జాబితా తీసుకెళ్ళి చదవబోయాను. ఆమె పొయ్యి దగ్గర, రోజూ చేసినట్టే, వండబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి చర్చి సంచిలో వేస్తోంది. తడుముకుని వేస్తోంది.

"ఇచ్చినవాళ్ళ పేర్లు చదువు నాయనా, వాళ్ళకోసం ప్రార్థన చేస్తాను" అంది. చదివాను. అన్నీ విని అడిగింది. "నువ్వేం పాడావు?"

పాడలేదమ్మా, నా దశమభాగం పైసాతో సహా ముందే కట్టేశాను అని చెప్పాను.

"అయితే నీకేం బాకీ లేదులే" అంది. ఎత్తిపొడుపుగా అనలేదు. ఆమెకది చేతకాదు.

ఆ నెల నా పాస్‌బుక్కులో పదకొండు వేల రెండొందల నలభై ఉంది. అది గుర్తురాక కాదు నేను వీధులు తిరిగింది. ఒకరి పాట ఇంకొకరు ఎందుకు తీర్చాలి, ముక్కుపిండి వసూలు చేయాల్సిందే అన్న పంతంతో తిరిగాను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పాడి ఎగ్గొట్టినవాళ్ళది వాళ్ళ లెక్క. పదిహేను వేలలో వసూలైంది పోను కంటికి తక్కువపడిన సొమ్ము నా పేరు కింద రాసుకున్నాను. ఈరోజుకీ తీరనిది ఎనిమిది వేల నూరు.