కత్తెరకు వేసిన ఎర

మా అన్నయ్య మొదటి సినిమా సెన్సార్‌కి వెళ్ళిన రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టి, ఫిల్మ్ నగర్‌లో ప్రివ్యూ థియేటర్ బయట అతని పక్కన నిలబడ్డాను. సినిమా తీసినవాళ్ళు లోపలికి పోకూడదు. కమిటీవాళ్ళు చూసి, ఆ తర్వాత పిలిచి చెబుతారు. అందాకా మూసిన తలుపుకి చెవి ఒగ్గడమే మన పని. అన్నయ్య పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

అతని భయమంతా సర్టిఫికెట్ గురించి. యూ/ఏ వస్తే పిల్లల్ని పెద్దవాళ్ళు వెంటబెట్టుకుని రావచ్చు. ఏ వస్తే పెద్దవాళ్ళకి మాత్రమే. నైజాం ఏరియాలో ఆడించే హక్కులు తీసుకుంటానన్న డిస్ట్రిబ్యూటర్ ముందే తెగేసి చెప్పాడు.

"ఏ పడ్డదనుకో, ఫ్యామిలీలు గేటు కాడికెళ్ళే మర్లిపోతయ్. మ్యాట్నీకి ఆడోళ్ళు రారు, టీవీ వాళ్ళు కొనరు. గా బొమ్మ నేనేం జేసుకోవాలె?"

ఆయన కాదంటే కొనేవాడు ఇంకొకడు లేడు. రీళ్ళు ల్యాబ్‌లో పడి ఉంటాయి. అన్నయ్యకి రెండో సినిమా ఎవరూ ఇవ్వరు.

నా భయం వేరు. ఆ సినిమాలో ఒక సీను నాది. నేను మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్లో రాత్రి షిఫ్టు చేస్తున్నాను. రోజూ సాయంత్రం ఆఫీసు కారు ఇంటికొచ్చి ఎక్కించుకుంటుంది. ఒకరోజు కార్లో నేనొక్కదాన్నే. మాదాపూర్ వైపు తిరగాల్సిన కారు షేక్‌పేట వైపు తిరిగింది. ఎటు పోతున్నామని అడిగాను. డ్రైవర్ అద్దం నా మొహం మీదికి సరిచేసుకున్నాడు. బండరాళ్ళ వెనక కారాపి, నీళ్ళు తాగి, కాసేపు ఊరికే కూర్చున్నాడు. తలుపు పిడి మీద నా చెయ్యి కొయ్యబారిపోయింది. తర్వాత కారు తిప్పి ఆఫీసు దగ్గర దింపాడు. అంతే, ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. అమ్మకి చెబితే ఉద్యోగం మానిపించేస్తుంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ అతనే వస్తాడు. ఎవరు వస్తారో కారు గుమ్మం ముందు ఆగేదాకా తెలియదు.

అన్నయ్యకి ఒక్కడికే చెప్పాను. అతను దాన్ని ఉన్నదున్నట్టు తీశాడు, హీరోయిన్‌ని నా చోట కూర్చోబెట్టి. ఎడిటింగ్‌కి ముందు వేసే రష్ చూసినప్పుడు నాకు మళ్ళీ ఆ కార్లో కూర్చున్నట్టే అయింది. కానీ నా భయానికి ఒక సాక్ష్యం దొరికిందనిపించింది.

ఆ సీను మీదే కత్తెర పడుతుందని అన్నయ్య అనుమానం. అందుకని ఫిల్మ్ నగర్‌లో చాలామంది చేసే పనే తనూ చేశాడు. కథకి అక్కర్లేని నరుకుడు సీనొకటి బకెట్లతో ఎర్ర రంగు పోసి తీసి అతికించాడు. కమిటీవాళ్ళు దాన్ని కొయ్యమంటారు, మనం బాధపడ్డట్టు మొహం పెట్టి కోసేస్తాం, మిగతాది బతికిపోతుంది. ఈ ఎర గురించి చెప్పేటప్పుడు అతని మొహంలో అబ్బో, ఆ తెలివి చూడాలి.

తలుపవతల నరుకుడు మొదలైంది. అరుపుల మధ్య ఎవరో దగ్గారు, ఎవరో టీ అడిగారు. తర్వాత నా సీను. కారు ఇంజను చప్పుడు తప్ప లోపల చీమ చిటుక్కుమనలేదు. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం మంచిదో చెడ్డదో తెలియలేదు.

పిలుపు వచ్చింది. అన్నయ్య వెనకే నేనూ దూరాను. నరుకుడు సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు. ఇవి రోజూ చూసేవేగా, రక్తం కాస్త తగ్గించుకోండి అన్నారు. కారు సీను ఉంటే మాత్రం ఏ, తీసేస్తే యూ/ఏ. కమిటీలో ఒక పెద్దావిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ మెల్లగా అంది.

"మా అమ్మాయి కూడా అలాంటి కార్లోనే వెళ్తుందండీ. నేను చూడలేకపోయాను."

ఆవిడ మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. పై కమిటీకి వెళ్ళే టైము లేదు, రిలీజ్ ముంచుకొచ్చింది. అన్నయ్య బయటికొచ్చి నా వంక చూశాడు.

"తీసెయ్యమంటావా?"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తీసెయ్యమన్నాను.

రిలీజయ్యాక టోలిచౌకిలో ఒక హాల్లో మ్యాట్నీకి వెళ్ళాను. ఫ్యామిలీలు బాగానే వచ్చాయి. డిస్ట్రిబ్యూటర్ లెక్క తప్పలేదు. నరుకుడు సీన్లో పిల్లలు పాప్‌కార్న్ నములుతూనే ఉన్నారు. ఆ తర్వాత హీరోయిన్ ఇంటి ముందు కారెక్కింది, మరుక్షణం ఆఫీసు ముందు నవ్వుతూ దిగింది. మధ్యలో షేక్‌పేట లేదు, అద్దం లేదు, ఏమీ లేదు.

నా ముందు వరసలో కూర్చున్న ఒకావిడ పక్కనున్న కూతురి వైపు వంగింది.

"సూసినవా, ఇంటికాడికే కారొస్తది, ఆపీసు కాడ దింపుతది. ఇగ నాకు ఫికర్ లేదు. ఆ నౌకరీల చేరు బిడ్డా."

ఆవిడ భుజం తట్టాలని చెయ్యి చాపాను. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఏమైందని అడిగితే ఏం చెప్పను? ఏమీ జరగలేదుగా.

సినిమా అవకముందే లేచి ఇంటికి బయల్దేరాను. ఆఫీసు కారు వచ్చే వేళయింది.